ముందు టైర్లు ఒక పక్కే ఎందుకు అరుగుతాయి? కొత్తవి కొనే ముందు చూడాల్సినవి

కారు ఆపి బయట నుంచి చూస్తే ముందు టైరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, వంగి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. లోపలి అంచు రెండు వేళ్ల వెడల్పున గుండైపోయి ఉంటుంది. మరీ ముదిరితే రబ్బరు కింది తీగలు కూడా తేలి ఉంటాయి. చాలామందికి ఈ విషయం సర్వీసింగ్‌లో ఎవరో చెప్తేనే తెలుస్తుంది. పండక్కి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి కర్నూలుకో విజయవాడకో హైవే ఎక్కిన రోజు ఆ అంచు పేలిందంటే, మిగతా టైరు ఎంత కొత్తగా ఉన్నా లాభం లేదు.

టైరు తనంతట తాను వంకరగా అరగదు. గాలి, అలైన్‌మెంట్, సస్పెన్షన్.. ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట తేడా ఉంటేనే అలా అవుతుంది. ఆ తేడా సరిచేయకుండా కొత్త జత వేయిస్తే అవి కూడా కొన్ని నెలల్లో పాతవాటి దారే పడతాయి. అందుకే పాత టైరును షాపులో వదిలేసే ముందు అది ఎక్కడెక్కడ అరిగిందో ఓసారి చూసుకోవాలి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం, అంటే ఆల్టో, స్విఫ్ట్, ఐ10 లాంటివన్నీ ముందు చక్రాలతోనే నడిచేవి. ఇంజిన్ బరువు ముందే ఉంటుంది, తిరిగేదీ ముందు చక్రాలే, బ్రేకు వేస్తే బరువంతా ముందుకే వాలుతుంది. కాబట్టి వెనక టైర్ల కంటే ముందువి త్వరగా అరగడం మామూలే, దాని గురించి కంగారు పడక్కర్లేదు. అరిగేది వెడల్పంతా సమానంగా అరగాలి, అంతే.

ముందుగా గాలి సంగతి. టైరు రెండు అంచులూ అరిగి మధ్యలో రబ్బరు మిగిలితే గాలి తక్కువతో నడిపారని అర్థం. మధ్యలో అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువైంది. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. మామూలుగా తిరిగేటప్పుడు ఎంత, నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత అని చాలా కార్లకు వేర్వేరుగా ఇస్తారు. టైరు పక్క గోడ మీద ఉండే అంకె మాత్రం ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. దాన్ని చూసి గాలి కొట్టించడం చాలామంది చేసే పొరపాటు. గాలి చల్లని టైరులో చూడాలి. అరగంట నడిపాక వేడికి మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి తీసేయిస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది.

ఒకే అంచు అరిగితే మాత్రం అలైన్‌మెంట్ వైపు చూడాలి. ఇందులో టైర్లను ఎక్కువగా తినేది టో. మనిషి నిలబడినప్పుడు కాలి వేళ్లు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అన్నట్టే, పైనుంచి చూస్తే రెండు ముందు చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయన్నది టో. లోపలికి ఎక్కువైతే బయటి అంచులు, బయటికి ఎక్కువైతే లోపలి అంచులు అరుగుతాయి. తేడా కంటికి కనిపించనంత చిన్నదే. కానీ చక్రం ఉండాల్సిన దిశకు 0.2 డిగ్రీలు పక్కకు ఉన్నా, లెక్క వేస్తే ప్రతి కిలోమీటరుకు దాదాపు మూడున్నర మీటర్లు రబ్బరు రోడ్డు మీద అడ్డంగా ఈడ్చుకుపోతుంది. 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి అది 35 కిలోమీటర్లు. అంత దూరం రబ్బరును తారు మీద రుద్దితే ఏం మిగులుతుంది?

ఇక్కడే చాలామంది మోసపోతారు. 'కారు ఏ పక్కకూ లాగట్లేదు, స్టీరింగ్ తిన్నగానే ఉంది, అలైన్‌మెంట్ ఎందుకు?' అంటారు. టో రెండు చక్రాలకూ సమానంగా తప్పితే కారు తిన్నగానే పోతుంది, టైర్లు మాత్రం అరిగిపోతూనే ఉంటాయి. అరచేతిని టైరు మీద అడ్డంగా లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి జరిపి చూస్తే తెలిసిపోతుంది. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు రంపం పళ్లలా గుచ్చుకుంటే అది టో తేడానే. తీగలు తేలిన చోట మాత్రం చెయ్యి పెట్టకూడదు, కోసుకుంటుంది.

రంపం పళ్లేమీ లేకుండా ఒక అంచు నున్నగా అరిగితే క్యాంబర్‌ను అనుమానించాలి. అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువుగా లేకుండా లోపలికో బయటికో వాలి ఉందన్నమాట. చాలా చిన్న కార్లలో అలైన్‌మెంట్ షాపువాళ్లు సర్దగలిగేది టో ఒక్కటే. క్యాంబర్ సర్దడానికి కంపెనీ ఏర్పాటే ఉండదు. కంప్యూటర్ తెరమీద క్యాంబర్ ఎర్రగా కనిపిస్తుంటే 'అది అంతే సార్' అని పంపించేస్తారు. అది అంతే కాదు. గుంతలో పడి లోయర్ ఆర్మో, స్ట్రట్టో వంగి ఉంటుంది, లేదా స్ప్రింగ్ కుంగి ఉంటుంది, బుష్‌లు తినేసి ఉంటాయి. అరిగిన భాగాల మీద చేసిన అలైన్‌మెంట్ రెండు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి పోతుంది.

కాబట్టి వరస ముఖ్యం. గ్యారేజీ ఉస్తాద్ చేత ముందు కారును జాకీ మీద లేపించి, కింద స్టాండ్ పెట్టించి చక్రాన్ని ఊపించాలి. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంటే బాల్‌జాయింటో, వీల్ బేరింగో పోయినట్టు. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే కదిలితే టైరాడ్ ఎండ్‌లు చూడాలి. ఆ ఆట పోగొట్టాకే అలైన్‌మెంట్. టైర్ల షాపు ముందు అలైన్‌మెంట్ చేసి, గ్యారేజీ తర్వాత టైరాడ్ ఎండ్ మారిస్తే మొదటి డబ్బు దండగ. టైరాడ్ ఎండ్ విప్పి బిగించాక టో మళ్లీ చూడాల్సిందే.

టైరు చుట్టూ అక్కడక్కడ గిన్నెల్లా గుంటలు పడితే అది వేరే కథ. షాక్ అబ్జార్బర్లు బలహీనపడి చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోందన్నమాట. బ్యాలెన్సింగ్ తప్పినా ఇలాంటివే రావచ్చు, కాకపోతే అప్పుడు 80 దాటాక స్టీరింగ్ వణకడం ముందే తెలుస్తుంది. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ఒకటే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మొదటిది చక్రానికి చిన్న బరువులు అంటించి సరిచేసేది, రెండోది చక్రాల దిశ సరిచేసేది.

ఎడమ టైరు ఒక్కటే ఎక్కువ అరిగితే రోడ్డును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మనం ఎడమ పక్కన నడుపుతాం, గుంతలూ తెగిన అంచులూ ఆ పక్కే ఎక్కువ. పైగా సర్కిళ్ల దగ్గర వేగంగా కుడికి తిరిగినప్పుడు బరువంతా ఎడమ ముందు టైరు బయటి అంచు మీద పడుతుంది.

ఇంటాయన గల్ఫ్‌లో ఉండి, కారు ఏడాదంతా ఇంటి ముందే కవర్ కింద నిలబడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఒకే చోట నిలబడ్డ టైరు నేలను తాకే చోట చదును పడుతుంది, గాలి మెల్లగా దిగిపోతుంది, పక్క గోడలు పగుళ్లిస్తాయి. నెలకు రెండుసార్లయినా ఇంట్లో ఎవరో ఒకరు గాలి చూసి కాస్త దూరం నడిపి రావాలి. సెలవుకు వచ్చిన మర్నాడే గాడులు లోతుగా ఉన్నాయి కదా అని దూర ప్రయాణం పెట్టుకోకూడదు. టైరు వయసు పక్క గోడ మీద నాలుగంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని.

కొత్త టైర్లు రెండే కొనగలిగితే వాటిని వెనక వేయించడం మంచిది. మన షాపుల్లో ముందు వేసేయడమే అలవాటు, అయినా అడిగి వెనక వేయించుకోవాలి. వానలో వెనక చక్రాలు జారితే కారు చేతికి చిక్కదు. మిగిలిన పాత జత ముందుకు వస్తుంది కాబట్టి వాటి లోపలి అంచులూ చూసుకోవాలి. గాడుల అడుగున ఉండే చిన్న రబ్బరు కట్టలు 1.6 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. టైరు ఎక్కడైనా ఒక్కచోట ఆ కట్టతో సమానమైందంటే దాని పని అయిపోయినట్టే, మిగతా వెడల్పు ఎంత బాగున్నా సరే.

అలైన్‌మెంట్ అయ్యాక చేయకముందు, చేశాక వచ్చిన కొలతల ప్రింట్ అడిగి తీసుకుని కారులోనే పెట్టుకోవాలి. మరో 10,000 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చేయించినప్పుడు క్యాంబర్ అంకె మారిందంటే, మధ్యలో ఏదో వంగిందని ఉస్తాద్‌కు ఆ కాగితమే చూపించవచ్చు.