మూడింతల గడువు

విరిగిన ఎముక కుదురుకోవడానికి సుశ్రుత సంహిత వయసును బట్టి గడువు పెట్టింది: తొలి వయసులో నెల, నడి వయసులో రెండింతలు, ముదిమిలో మూడింతలు. చెప్పింది మనుషుల గురించే. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవి ఊళ్లలో పదేళ్లు దాటిన కుక్క కాలు విరిగినా ఎదురయ్యే చిక్కు అదే. కట్టు ఎవరైనా కడతారు, దాన్ని అన్నాళ్లు కాపాడేదెవరు?

కట్టుబద్దలకు ఆ గ్రంథం ఎంచిన ఇప్ప, మోదుగ, తెల్లమద్ది, మేడి, రావి, మర్రి, వెదురు బస్తర్‌కు కొత్తవేమీ కావు. మన పుత్తూరు కట్టులోనూ వెదురు బద్దలే. కట్టు వదులైతే ఎముక నిలవదని, మరీ బిగిస్తే వాచి చీము పడుతుందని, చలికాలంలో 7 రోజులకు, ఎండల్లో 3 రోజులకు విప్పి మళ్లీ కట్టాలని కూడా సంహితే చెప్పింది. బద్దలు అందరికీ గుర్తున్నాయి, విప్పడం గుర్తులేదు. బిగువు కట్టు కింద నెత్తురాడక పాదం కుళ్లితే కాలే తీసేయాలి.

ఛత్తీస్‌గఢ్‌లో హడ్‌జోడ్ అనే నల్లేరు మీద 1960ల్లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ జంతువులపై ప్రయోగాలు చేశారు. అతుకు త్వరగా గట్టిపడుతోందన్నారు. కాదనను. అయితే కదులుతున్న ఎముకను ఏ పసరూ అతికించలేదు.

కదలకుండా పట్టడానికి 1851లో డచ్చి సైనిక వైద్యుడు మథైసెన్ పిండికట్టు తెచ్చాడు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే వచ్చాక లోపలి అతుకు కంటికి కనబడింది. కుక్క తొడకు మాత్రం పిండికట్టు కుదరదు. పై కీలును కదలకుండా కట్టడం కష్టం. ఈ ముడి విప్పినవాడు అమెరికా పశువైద్యుడు ఓటో స్టేడర్. 1930ల్లో ఆయన చర్మంలోంచి ఎముకలోకి పిన్నులు దించి, వాటిని బయట కడ్డీతో బిగించాడు. కీళ్లు ఆడుతూనే ఉంటాయి, కుక్క నడుస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళం అదే సాధనాన్ని నావికులకు వాడింది. మనిషి వైద్యం జంతువుకు దిగుతుందనుకునేవాళ్లకు ఈ కథ చెప్పాలి. 1958లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన ‘ఏఓ’ (AO) అనే బృందం ప్లేట్లు, స్క్రూలకు పద్ధతి ఏర్పరచింది.

ఇంత జరిగినా వయసు లెక్క మారలేదు. బయటి పిన్నులతో మూడు నెలల లోపు పిల్లకు 2–3 వారాల్లో అతికేది, ఏడాది దాటిన కుక్కకు 7–12 వారాలు పడుతుంది. ముసలిదానికి ఇంకా ఆలస్యమైతే ముందు కట్టు కదులుతోందా, చీము పట్టిందా అని చూడాలి. తర్వాత మూత్రపిండాలు, థైరాయిడ్. పెద్ద జాతి కుక్కకు చిన్న దెబ్బకే ఎముక విరిగిందంటే క్యాన్సర్‌ను అనుమానించాలి. అప్పుడు నెలలు ఎదురుచూడటం హింసే. అదేమీ లేకపోతే అతుకు చివరలు శుభ్రం చేసి, ప్లేటు వేసి, ఆ కుక్క భుజం దగ్గరి మెత్తటి ఎముకనే తెచ్చి నింపుతారు. ఎముకకు ఎముకను పుట్టించే గుణం ఉందని 1965లో మార్షల్ యూరిస్ట్ చూపాడు.

నొప్పికి మనుషుల మాత్రలు వేయకూడదు. డైక్లోఫినాక్ కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. అది పశువుల కళేబరాల ద్వారా రాబందులను చంపుతోందని 2006లో పశువైద్యంలో నిషేధించారు. ఇంద్రావతి జాతీయ ఉద్యానం పక్కన బతికేవాళ్లు రెండు కారణాలూ తెలుసుకోవాలి. దాని బదులు వాడే మెలాక్సికామ్ కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే వేయాలి.

ఇక ఆపరేషన్‌కు వెళ్లాలంటే, జగదల్‌పూర్ నుంచి దుర్గ్ దగ్గరి అంజోరా పశువైద్య కళాశాల సుమారు 300 కిలోమీటర్లు. భోపాలపట్నం తెలుగువాళ్లకు ఏటూరునాగారం దగ్గర గోదావరి వంతెన పడ్డాక వరంగల్ దారి తేలికైంది. ఆపరేషన్‌కు ఒకసారి వెళ్లొచ్చు, ప్రతి రెండు వారాలకూ వెళ్లగలమా? పిన్నుల చుట్టూ రోజూ కడిగే మనిషి ఇంట్లో లేనప్పుడు, మిగతా మూడు కాళ్లలో కీళ్లవాతం లేకపోతే, విరిగిన కాలు తీసేయించడమే మేలని నేనంటాను. ముందుకాలైతే కాస్త ఎక్కువ ఆలోచించాలి, కుక్క బరువులో ఎక్కువ భాగం మోసేది ముందుకాళ్లే.