తొలి శాసనకర్తలు

సూరత్ నగరానికి నైరుతి దిక్కున, తపతీనది సముద్రంలో కలిసే చోటికి సమీపాన, డుమస్ అనే గ్రామమున్నది. అక్కడి తీరపు ఇసుక నల్లనిది. ఆదివారం సాయంకాలం నగర ప్రజలు అక్కడికి తరలివచ్చి, వేడి టొమాటో భజియాలు తిని, ప్రొద్దు గుంకిన తరువాత ఇండ్లకు మరలుతారు. ఆ జనంలో తెలుగు మాట తరచు వినవస్తుంది. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరం ప్రాంతాల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన పద్మశాలీలు సూరత్ మరమగ్గాలపై పనిచేస్తూ తరతరాలుగా అక్కడ స్థిరపడి ఉన్నారు.

కొంతకాలం క్రిందట నేను డుమస్‌లో కొన్నాళ్లుండి, కొరియా చరిత్రను గురించిన ఒక హిందీ వ్యాసాన్ని తెలుగు చేయుచుంటిని. ఒక పదం వద్ద కలం నిలిచిపోయినది. ఉత్తర కొరియా శాసనసభ పేరు హిందీలో 'సర్వోచ్చ జనసభా' అని ఉన్నది. దానిని 'సర్వోన్నత ప్రజాసభ' అని వ్రాయుట కష్టమేమీ కాదు. అయినను 'సభ' అనే మాట వ్రాయబోయేసరికి మనస్సు సంకోచించినది. ఆ సాయంకాలమే తీరాన నల్లగొండ జిల్లాకు చెందిన ఒక వృద్ధ నేతగాడు నాతో మాట కలిపి, ఇంటివారి వలన విన్న 1952 ఎన్నికల సంగతి ఎత్తినాడు. "మా నాయిన కాళ్లనడకన పొయ్యి ఓటేసిండు సారూ. జైళ్లకెల్లి వచ్చినోళ్లకు ఓటేసుడంటే, ఆ యేడు ఊరికంత పండుగే" అన్నాడు.

ఆ రాత్రి ఈ రెండు విషయాలూ నా మనస్సులో ఒకచోట చేరినవి. ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే సిద్ధాంతాన్ని నమ్మినవారు, భూమి కొరకు ఒకే విధంగా పోరాడినవారు, ఇక్కడా అక్కడా మొదటిసారిగా శాసనకర్తలైనారు. అటుపిమ్మట వారి గతులు ఎంత భిన్నంగా పరిణమించినవో, అందుకు కారణమేమో విచారించుట ఈ వ్యాసపు ఉద్దేశం.

1910 నుండి జపాను ఏలుబడిలో నలిగిన కొరియా 1945 ఆగస్టు 15న విముక్తి పొందినది. కాని 38వ అక్షాంశం ఆ దేశాన్ని రెండుగా చీల్చినది. ఉత్తరాన సోవియట్ సేనలు, దక్షిణాన అమెరికా సేనలు నిలిచినవి. దేశమంతటా ఎన్నికలు జరిపించుటకు ఐక్యరాజ్యసమితి పంపిన తాత్కాలిక సంఘానికి మన కె. పి. ఎస్. మీనన్ అధ్యక్షులు. 1948 జనవరిలో సియోల్ చేరిన ఆ సంఘానికి ఉత్తర భాగంలో అడుగుపెట్టుటకు అనుమతి లభించలేదు. మే 10న దక్షిణాన ఎన్నికలు జరిగినవి. ఉత్తరాన ఆగస్టు 25న వేరుగా ఎన్నిక జరిగినది. సెప్టెంబరు 2న సర్వోన్నత ప్రజాసభ ప్యాంగ్యాంగ్‌లో సమావేశమై, 8న రాజ్యాంగాన్ని ఆమోదించినది. మరునాడు కొత్త రాజ్యం ప్రకటింపబడినది.

ఆ సభలో సభ్యులు 572 మంది. వారిలో 212 మంది ఉత్తరాది వారు. 360 మంది దక్షిణ కొరియాకు ప్రతినిధులుగా లెక్కింపబడినవారు. సభాపతి హో హాన్ న్యాయవాది. జపాను పాలనలో స్వాతంత్ర్యయోధుల పక్షాన న్యాయస్థానాలలో వాదించిన వ్యక్తి. సభ స్థాయీసంఘానికి అధ్యక్షులైన కిమ్ దూ బోంగ్ భాషావేత్త. 1916లోనే కొరియా భాషకు వ్యాకరణం రచించి, 1919 ఉద్యమం తరువాత చైనాకు వెళ్లి, యెనాన్‌లో ప్రవాసం గడిపి తిరిగివచ్చిన పండితుడు. ప్రధానమంత్రి కిమ్ ఇల్ సుంగ్. ఉపప్రధానులలో ఒకరైన హాంగ్ మ్యోంగ్ హీ నవలాకారుడు; 1910లో జపాను తమ దేశాన్ని కలుపుకొన్నప్పుడు ఆయన తండ్రి ఆ అవమానం భరించలేక ప్రాణత్యాగం చేసినారు. పదహారవ శతాబ్దపు బందిపోటు నాయకుని కథానాయకునిగా చేసి ఆయన రచించిన 'ఇమ్ కోక్ జాంగ్' 1928 నుండి పత్రికలో ధారావాహికగా వెలువడి కొరియా సాహిత్యంలో శాశ్వతస్థానం పొందినది. మరొక ఉపప్రధాని, విదేశాంగ మంత్రి పాక్ హన్ యోంగ్. జపాను చెరసాలలు చూచిన తొలితరం కమ్యూనిస్టు. ఇంతమంది విద్వాంసులు, త్యాగధనులు ఒక కొత్త రాజ్యపు తొలి సభలో కూడుట ఏ దేశ చరిత్రలోనైనను అరుదు.

వారి రాజ్యం చేసిన మేలును మరుగుపరచుట న్యాయం కాదు. ఆ సభ పుట్టక పూర్వమే, 1946 మార్చి 5న, ఉత్తర కొరియా తాత్కాలిక ప్రజాసంఘం భూసంస్కరణ చట్టం చేసినది. భూస్వాముల భూమి పరిహారం లేకుండా తీసుకొని, ఏడు లక్షలకు పైబడిన రైతు కుటుంబాలకు ఉచితంగా పంచినారు. పని ముగియుటకు ఇంచుమించు ఒక నెల పట్టినది. అదే సంవత్సరం జూలైలో స్త్రీపురుషుల సమానత్వానికి చట్టం వచ్చినది. మన తెలంగాణాలో ఆ 1946లోనే జాగీర్దారుల, దేశ్‌ముఖుల భూముల కొరకు రైతులు ప్రాణాలర్పించుచుండిరి. వారికి ఆ వార్త వరప్రసాదంవలె తోచియుండును.

కాని ఆ చట్టం చేసినది ఎన్నికైన సభ కాదు. తరువాత, 1946 నవంబరులో, ప్రజాసంఘాలకు జరిగిన ఎన్నికలలో ఒక్కొక్క స్థానానికి ఒక్కడే అభ్యర్థి. ఎన్నిక గదిలో రెండు పెట్టెలు ఉంచినారు: తెల్లపెట్టెలో చీటీ వేసిన అంగీకారం, నల్లపెట్టెలో వేసిన తిరస్కారం. రెండు రంగుల పెట్టెల నడుమ నిలిచిన మనిషికి ఓటు రహస్యమన్నది ఎంతవరకు దక్కునో పాఠకులు ఊహింపగలరు. ఒకే పేరు ముందుంచి ఒప్పుకొందురా అని అడుగుట ఎన్నిక కాజాలదు. ఆ విధంగా వచ్చిన సభ్యునికి తన వెనుక నిలిచే జనబలం ఉండదు. అతని పదవి పైవారి అనుగ్రహం మీదనే నిలుచును.

ఆ అనుగ్రహం ఎంతకాలం నిలిచినదో తరువాతి పది సంవత్సరాలు చెప్పినవి. యుద్ధకాలంలో, 1951లో, హో హాన్ మరణించినారు. 1953 ఆగస్టులో, యుద్ధవిరమణ జరిగిన కొలది దినాలకే, తొలి మంత్రివర్గంలో న్యాయశాఖ వహించిన రీ సుంగ్ యోప్‌ను, ప్రసిద్ధకవి ఇమ్ హ్వాను, మరికొందరిని గూఢచారులని విచారించి మరణశిక్ష విధించినారు. న్యాయమంత్రికే న్యాయం దొరకలేదు. 1955 డిసెంబరులో పాక్ హన్ యోంగ్ వంతు వచ్చినది. అమెరికా వేగులవాడనే నేరం మోపి ఆయనకును మరణశిక్ష విధించినారు. 1956 ఆగస్టులో పార్టీ కేంద్రసంఘ సమావేశంలో కొందరు నాయకులు లేచి వ్యక్తిపూజను విమర్శించబూనగా వారి మాట సాగనీయలేదు. ప్రాణభయంతో కొందరు చైనాకు పారిపోయినారు. 1957లో కిమ్ దూ బోంగ్ అధ్యక్షపీఠం పోయినది. మరుసటి సంవత్సరం ఆయన పార్టీ నుండి వెలివేయబడి ప్రజాజీవితం నుండి అదృశ్యమైనారు. 1948లో ప్రవేశపెట్టిన నూతన లేఖన పద్ధతిలో ఆరు కొత్త అక్షరాలు చేర్చినారు. దానికి ఆయన పాండిత్యమే ఆధారం. మనిషితోపాటు ఆ అక్షరాలును కనుమరుగైనవి. నాయకుని ఆగ్రహం ఒక లిపినికూడ తాకగలదని వినుట అక్షరాన్ని నమ్మి బ్రతికేవారికి దుర్భరమైన విషయం. హాంగ్ మ్యోంగ్ హీ మాత్రం గౌరవంతో జీవించి 1968లో మరణించినారు; ఆయన మహానవల అసంపూర్ణంగానే మిగిలినది.

1946లో రైతులకు పంచిన భూమి ఏమైనది? 1958 నాటికి అది సహకార క్షేత్రాలలో కలిసిపోయినది. పన్నెండేండ్ల క్రిందట పట్టా పొందిన రైతు పక్షాన, ఈ భూమి మాది కాదా అని అడుగుటకు సభలో ఒక్క గొంతు లేవలేదు. ఒక్క ఆజ్ఞతో వచ్చినది మరొక ఆజ్ఞతో పోయినది. సభ్యుల మౌనానికి మూల్యం చెల్లించినది ఆ రైతే.

ఇక మన దేశానికి వత్తము. తెలంగాణా సాయుధపోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించినారు. హైదరాబాదు రాజ్యంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున, 1952 ఎన్నికలలో వారు ప్రజాస్వామ్య సంఘటన పేరుతో నిలిచి శాసనసభలో 42 స్థానాలు గెలిచినారు. హరిజన సేవతో ప్రజాజీవితం ప్రారంభించి, 1944లో భువనగిరి ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన రావి నారాయణరెడ్డిగారు నల్లగొండ నుండి లోక్‌సభకు, జవాహర్‌లాల్ నెహ్రూకు వచ్చిన ఓట్లకంటె ఎక్కువ ఓట్లతో ఎన్నికైనారు. పోరాటకాలంలో అజ్ఞాతవాసం చేసిన ఆరుట్ల కమలాదేవిగారు ఆలేరు ప్రజల ప్రతినిధిగా శాసనసభలో కూర్చున్నారు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడ ఆ సభ్యులలో ఒకరు. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డిగారు చెరసాలలో ఉండియే, తమ బావగారైన నీలం సంజీవరెడ్డిగారిని ఓడించినారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించి, 1955లో గన్నవరం నుండి ఆంధ్ర శాసనసభకు వచ్చినారు.

వారి మార్గం పూలబాట అని నేను చెప్పుటలేదు. కేరళలో ప్రజలెన్నుకొన్న కమ్యూనిస్టు మంత్రివర్గాన్ని కేంద్రప్రభుత్వం 1959లో తొలగించినది. 1964 చివర మార్క్సిస్టు నాయకులను విచారణ లేకుండా నిర్బంధించినారు. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు ప్రతిపక్ష నాయకులలో పలువురు చెరసాల పాలైనారు. భూమి విషయమున మన చట్టాలు నత్తనడక నడిచినవి. కొరియాలో ఒక నెలలో జరిగినది మనకు దశాబ్దాలు గడిచినను సగం కూడ జరుగలేదనవచ్చును. నల్లగొండ నేతగాడు మగ్గం విడిచి సూరత్‌కు రావలసివచ్చిన దారిద్ర్యానికి మన సభలును జవాబు చెప్పవలసియే ఉన్నవి.

అయినను ఒక్క సంగతి గమనింపదగినది. ఈ నాయకులలోను తీవ్రమైన అభిప్రాయభేదాలు వచ్చినవి. 1964లో పార్టీ చీలినప్పుడు రావి నారాయణరెడ్డిగారు పాత పార్టీలో నిలిచినారు. సుందరయ్యగారు కొత్త పార్టీకి ప్రధానకార్యదర్శి అయినారు. నాగిరెడ్డిగారు కొన్నేండ్లకు ఆ పార్టీని కూడ వదలి మూడవదారి పట్టినారు. ఒకరినొకరు ద్రోహులన్నంత కఠినంగా వ్రాసుకొన్న రోజులున్నవి. కాని ఓడినవాని తల తీయు అధికారం గెలిచినవానికి లేదు. 1969లో నాగిరెడ్డిగారు, ఈ శాసనసభ వలన పేదలకు మేలు జరుగునన్న నమ్మకం తమకు పోయినదని ఆ సభలోనే చెప్పి, సభ్యత్వానికి రాజీనామా ఇచ్చి, తమ కాళ్లమీద తాము వెలుపలికి నడచినారు. సభను నమ్మనని చెప్పుటకు కూడ ఆ సభయే చోటిచ్చినది. కిమ్ దూ బోంగ్‌కు ఆపాటి చోటు దొరకలేదు.

మన భారతంలో ద్యూతసభ కథ అందరెరిగినదే. ద్రౌపది వేసిన ప్రశ్నకు పెద్దలు తలలు వంచుకొన్నప్పుడు, దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు లేచి, ఇది ధర్మము కాదన్నాడు. కర్ణుడు అతనిని గద్దించినాడు. అతని మాట చెల్లలేదు. అయినను అతడు మాట్లాడినాడు, మాట్లాడి బ్రతికినాడు. అంత అధర్మం జరిగినను దానిని మనం సభ అనియే పిలుచుచున్నామంటే, బహుశా వికర్ణుని ఆ మాట వలననే. తెలుగులో శాసనమనగా చట్టము. రాతిమీద చెక్కిన వ్రాత కూడ శాసనమే. రాతిని చెక్కుటకు ఒక్క శిల్పి చాలును. చట్టాన్ని చెక్కుటకు మాత్రం కాదనువాడొకడు ఎదుట ఉండవలెను.

డుమస్‌లో నా అనువాదం ముగించినప్పుడు 'సర్వోన్నత ప్రజాసభ' అనియే వ్రాసితిని. అనువాదకునికి పేరు మార్చు హక్కు లేదు. కాని ఆ పేరు వ్రాసిన ప్రతిసారి, తెల్లపెట్టె ముందు నిలిచిన కొరియా రైతును, కాలినడకన పోయి ఓటు వేసివచ్చిన నల్లగొండ నేతగానిని ఒకరి ప్రక్కన ఒకరిని తలచుకొంటిని. ఇద్దరును కోరినది ఒక్కటే: తమ పక్షాన మాట్లాడు మనిషి ఒకడు. రెండవవానికి అతడు లభించినాడు.