పలికే వీణ ఖరీదు

మా మామ్మ బొబ్బిలి వీణ నా చేతికి వచ్చేసరికి పదకొండు మెట్లు ఊడిపోయి ఉన్నాయి. మైనం పగిలింది, బిరడాలు జారుతున్నాయి, కొసనున్న యాళి బొమ్మ కోర ఒకటి విరిగింది. ఆ స్థితిలోనే దాన్ని కొంటానని పట్నం నుంచి ఒక పాతసామాన్ల వ్యాపారి వచ్చాడు. కొత్త వీణ ధర కంటే ఎక్కువే చెప్పాడు. హోటల్ హాల్లో గోడకి పెడతారట. బాగు చేయించవద్దని మరీ మరీ చెప్పాడు.

"మెట్లు లేకపోతే పలకదు కదా బాబూ" అన్నాను.

"పలకక్కర్లేదమ్మా" అన్నాడు.

ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడదు.

బొబ్బిలి అనగానే ఎవరికైనా 1757 జనవరి 24 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. ఆ వెంటనే వీణ. సంస్థానం సంగీతాన్ని ఆదరించింది కాబట్టే పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరతరాలుగా ఈ పనిలో స్థిరపడ్డాయి. పనస దుంగను బాడిసతో చెక్కి, ఉలితో తొలిచి, కుండనూ దండినీ ఒకే కర్రలో తీస్తారు. అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకు లేదు కాబట్టి నాదం ఎక్కడా తెగదు.

ఆ రోజుల్లో వీణకు వెల కట్టింది వాయించే చెయ్యే. విజయనగరం ఆస్థానంలో వీణ వెంకటరమణదాసుగారి వంటి విద్వాంసులుండేవారు. 1919లో అక్కడ సంగీత కళాశాల వెలిశాక సామాన్యుల పిల్లలకీ చదువు అందింది. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. రాజుల పోషణ ఆగినా, నేర్చుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి గొల్లపల్లిలో ఉలి చప్పుడు ఆగలేదు.

నేను నేర్చుకునే రోజుల్లో కొత్త వీణ కొనగలిగినవాళ్లు తక్కువ. ఎవరింట్లోనో అటక మీద పాత వీణ ఉందని తెలిస్తే మా గురువుగారు కబురంపేవారు. దాన్ని గొల్లపల్లి తీసుకెళ్లి బాగు చేయించి, ఓ శిష్యురాలి ఒళ్లో పెట్టేవారు. నా మొదటి వీణా అలా వచ్చిందే. ఇప్పుడు నా శిష్యులకు అలాంటిది వెతికిపెట్టలేకపోతున్నాను. అటక మీది వీణలకు అలంకారం ధర వచ్చేసింది. నేర్చుకునే పిల్ల తండ్రి ఆ ధరకు తూగలేడు.

కానుకల కోసం చేసే బుల్లి వీణల మీద నాకు కోపం లేదు. 2023లో విశాఖలో జీ-20 సమావేశానికి వచ్చిన విదేశీ అతిథులకు అవే ఇచ్చారు. బొబ్బిలి వీణకు జీఐ (భౌగోళిక) గుర్తింపూ వచ్చింది. పెద్ద వీణ వారాల పని. చేసేవాళ్ల ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ చిన్నవే ఆధారం. కానీ బుల్లి వీణకు శ్రుతి చూడనక్కర్లేదు. నా బెంగంతా శ్రుతి పట్టే ఆ చెవి గురించే.

వాయించకుండానే వాయిద్యానికి వెల కట్టే ఈ కథ వేలంపాటల లోకంలో మరీ పెద్దది. 1721లో ప్రసిద్ధ వయొలిన్ తయారీదారు స్ట్రాడివరి చేసిన 'లేడీ బ్లంట్' వయొలిన్ 2011లో 98 లక్షల పౌండ్లకు పోయింది. ఇన్నేళ్లలో దాన్ని వాయించింది చాలా తక్కువ. అందుకే చెక్కుచెదరలేదని దానికంత విలువ. అమ్మింది జపాన్‌లోని నిప్పాన్ మ్యూజిక్ ఫౌండేషన్. ఆ డబ్బు ఆ ఏడాది జపాన్ సునామీ బాధితులకు ఇచ్చారు. అదే సంస్థ తన దగ్గరున్న మిగతా స్ట్రాడివరి వాయిద్యాలను కళాకారులకు ఉచితంగా అరువిస్తుంది. నాకు నచ్చింది ఆ రెండో పని.

మామ్మ వీణను గొల్లపల్లి తీసుకెళ్లాను. అక్కడ వీణలు చేసే ఒక పెద్దాయన కుండ మీద వేలితో తట్టి, చెవి ఆనించి, "కర్ర బతికే ఉందమ్మా, పలుకుతాది" అన్నాడు. పాత మైనం గీకేశాడు. తేనెమైనంలో మసి కలిపి కాచి, దండి మీద రెండు వరసలు పోశాడు. అది గోరువెచ్చగా ఉండగానే ఒక్కో మెట్టూ నిలబెట్టి, తీగ మీటి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపాడు. గాంధారం దగ్గర నాలుగుసార్లు ఆగాడు. దీన్నే మేళం కట్టడం అంటారు. ఇరవై నాలుగు మెట్లూ కుదిరేసరికి పొద్దు వాలింది.

ఆ వీణ ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివే నా శిష్యురాలి ఇంట్లో ఉంది. అమ్మలేదు, అరువిచ్చాను. బొబ్బిలి చుట్టుపక్కల ఎవరింట్లో పాత వీణ ఉన్నా అలాగే చేయమని అడుగుతున్నాను. మొన్న ఎండకు మైనం మెత్తబడి ఒక మెట్టు జారింది. "పాడుచేశానా టీచర్?" అని ఆ పిల్ల ఏడుపు ముఖంతో వచ్చింది. "వాయిస్తున్నావు కాబట్టే జారిందని తెలిసింది తల్లీ" అన్నాను. ఆదివారం ఇద్దరం గొల్లపల్లి వెళ్తున్నాం. మేళం ఎలా కడతారో ఆ పిల్ల దగ్గర కూర్చుని చూస్తుంది.