నారికురుపు: దిగుడుబావి నుంచి అబూధాబీ దాకా

1990లో యూఏఈ వ్యవస్థాపక అధ్యక్షుడు షేక్ జాయెద్, అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అప్పట్లో నడిపిన సంస్థకు 57.7 లక్షల డాలర్ల విరాళం ఇచ్చారు. నారికురుపు నిర్మూలన కోసం ఇచ్చిన సొమ్మది. అప్పటికి ఎమిరేట్స్‌ను పీడిస్తున్న జబ్బు కాదది. అందుకే ఆ దానం మరీ గొప్పది.

రాయలసీమలో పాత తరానికి ఈ బాధ తెలుసు. దిగుడుబావి మెట్లు దిగి, నీళ్లలో నిలబడి కడవ ముంచుకునేవారు. కంటికి ఆనీఆనని సైక్లాప్స్ అనే జీవులు ఆ నీళ్లలో ఉంటాయి, వాటి కడుపులో నారికురుపు పురుగు పిల్లలుంటాయి. వడకట్టకుండా తాగినవారికి దాదాపు ఏడాది దాకా ఏ సూచనా ఉండదు. ఆ తర్వాత, ఎక్కువగా కాలి మీద, బొబ్బ లేచి భగ్గున మండుతుంది. అది చితికితే తెల్లని దారంలాంటి పురుగు బయటికొస్తుంది. మీటరు దాకా పొడవుండే దాన్ని పుల్లకు చుట్టి, రోజూ కాస్త కాస్తగా లాగాలి. మధ్యలో తెగిందా, పుండు చీము పట్టి మనిషి మంచాన పడతాడు. మంట తాళలేక కాలు నీళ్లలో పెడితే కొత్త పిల్లలు బావిలో చేరతాయి.

దీనికి టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. జనానికి తెలియజెప్పడమే అసలు ఆయుధం.

కర్నూలు మెడికల్ కాలేజీ పరిశోధకులు 1969లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో దీనిపై వ్యాసం ప్రచురించారు. 1980ల తొలినాళ్లలో మొదలైన జాతీయ కార్యక్రమం ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో నడిచింది. దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, సైక్లాప్స్‌ను చంపే టెమిఫాస్ మందును నీళ్లలో కలిపారు, గుడ్డతో వడకట్టి తాగమని ఊరూరా చెప్పారు. 1996లో జోధ్‌పూర్ జిల్లాలో చివరి కేసు కనిపించింది. 2000లో భారత్‌కు విముక్తి ధ్రువపత్రం దక్కింది.

ప్రపంచంలో 1986లో 35 లక్షల మందికి సోకిన ఈ జబ్బు వేగంగా తగ్గింది. అంతలో చాద్‌లో ఊహించని మలుపు. 2012లో అక్కడి కుక్కల్లోనూ ఇదే పురుగు బయటపడింది. నీళ్లు వడకట్టమంటే మనుషులు వింటారు, కుక్కలకు ఎవరు చెప్పగలరు? చెప్పే మాటే మారాల్సి వచ్చింది. పచ్చి చేపల ద్వారానూ పురుగు సోకవచ్చని షారీ నది ఒడ్డు పల్లెల్లో చేపల పేగులు బయట పారేయకుండా పూడ్చమన్నారు, చేపలు బాగా ఉడికించి తినమన్నారు, పురుగు సోకిన కుక్కను చెరువు దగ్గరికి పోకుండా కట్టేయమన్నారు. సమాచారమిచ్చినవారికి నగదు బహుమతి పెట్టారు. పేద పల్లెలో కుక్కను నెలల తరబడి కట్టి మేపడం చిన్న విషయం కాదు. అయినా జనం చేస్తున్నారు.

యూఏఈ అండ తర్వాతా కొనసాగింది. 2022 మార్చిలో అబూధాబీలోని కస్ర్ అల్ వతన్ ప్రాసాదంలో ఈ వ్యాధిపై సదస్సు జరిగింది. 2030కల్లా దీన్ని రూపుమాపుతామని వ్యాధిపీడిత దేశాలు అక్కడ మాటిచ్చాయి. 2023లో మనుషుల్లో తేలినవి 14 కేసులే. జంతువుల్లో మాత్రం వందల్లో తేలాయి, వాటిలో ఎక్కువ కుక్కలే. మనుషుల్లో కేసులు ఇంత తక్కువకు దిగాయని నిధులు తగ్గించడం పొరపాటు. ధ్రువపత్రం కావాలంటే వరసగా కనీసం మూడేళ్లు వ్యాప్తి లేదని రుజువు కావాలి. జబ్బు కనబడని ఆ ఏళ్లలోనూ ఊరూరా నిఘా సిబ్బందికి జీతాలు, కబురు తెచ్చినవారికి బహుమతులు ఆగకుండా అందాలి.