బీరువా వెనక గోడ

నవంబరు నెల. మాంచెస్టర్ పక్కనే ఉన్న రోచ్‌డేల్‌లో, ఒక హౌసింగ్ సంస్థ అద్దెకిచ్చిన ఫ్లాట్. తనిఖీకి వచ్చినాయన వెంట లోపలికి నడవండి. తలుపు తీయగానే ముక్కవాసన. కిటికీ అద్దానికి లోపలివైపు నీళ్లు కారి, కింది చట్రంలో నిలిచాయి. పడకగదిలో బయటిగోడకు ఆనించిన బీరువాను ఇద్దరూ కలిసి ముందుకు జరపండి. వెనక గోడంతా మిరియాల పొడి చల్లినట్టు నల్లటి బూజు. గోరుతో గీకితే పెయింటు పొరగా ఊడుతుంది. దాని కిందా అదే నలుపు.

"బట్టలు ఇంట్లోనే ఆరేస్తున్నాం, అందుకేనేమో" అంటుంది చంటిబిడ్డను ఎత్తుకున్న ఇంటావిడ. ఆయన బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఫ్యాన్ వేసి, జాలీకి టిష్యూ కాగితం ఆనిస్తాడు. కాగితం జారి కింద పడుతుంది. ఫ్యాన్ తిరుగుతోంది గానీ గాలిని లాగడం లేదు. స్నానాల ఆవిరంతా ఇంట్లోనే ఉండి, చల్లటి గోడ మీద చెమ్మవుతోంది.

"ఇందులో మీ తప్పేం లేదు. పాపకు దగ్గుందా?" ఆవిడ తలూపుతుంది. ఆయన పాప వయసు, దగ్గు సంగతి రాసుకుంటాడు.

ఈ ఊళ్లోనే 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఇంట్లో బూజు ఉందని తండ్రి 2017లోనే చెబితే, ఇల్లు అద్దెకిచ్చిన సంస్థవాళ్లు పైన పెయింటు వేసుకోమన్నారు. లోపం ఆ కుటుంబం బతికే తీరులో ఉందనుకున్నారు. ఆ బూజే బిడ్డ ఊపిరి తీసిందని 2022లో మరణ విచారణాధికారి (కరోనర్) తేల్చారు. ఆ పసివాడి పేరుతో వచ్చిన 'అవాబ్ చట్టం' 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లోని సామాజిక అద్దె ఇళ్లకు అమలవుతోంది.

ఈ చట్టం ప్రకారం, చెమ్మ, బూజు వల్ల గట్టి ప్రమాదం ఉండొచ్చని తెలిస్తే ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ 10 పనిదినాల్లో వచ్చి చూడాలి. చూశాక 3 పనిదినాల్లో ఏం తేలిందో రాసివ్వాలి. ప్రమాదం నిజమైతే 5 పనిదినాల్లో ముప్పు తప్పించాలి. ప్రాణం మీదికొచ్చేదైతే 24 గంటలే గడువు. అప్పటికీ ఇల్లు క్షేమం కాకపోతే, సంస్థే తన ఖర్చుతో వేరే బస చూపాలి.

ఫ్యాన్ ఎప్పుడు మారుస్తారో, గోడ ఎప్పుడు శుభ్రం చేస్తారో కాగితం మీద రాసిస్తామని చెప్పి ఆయన సెలవు తీసుకుంటాడు. అద్దె సక్రమంగా కట్టే మనిషికి ఆ మాత్రం జవాబు దక్కడానికి ఒక పసిప్రాణం పోవలసి వచ్చింది. ఇకమీదట గడువు దాటితే కోర్టులో నిలదీసే హక్కు ఈ తల్లికి ఉంది.