బ్లాక్ కోహోష్

ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే బహువార్షిక మొక్క. శాస్త్రనామం ఆక్టియా రెసిమోసా. కలోంజీ, వసనాభి చేరిన రనన్‌కులేసి కుటుంబమే దీనిదీ. కెనడాలోని ఒంటారియో నుంచి దక్షిణాన జార్జియా దాకా, పడమట మిస్సోరి, ఆర్కాన్సా వరకు సహజంగా కనిపిస్తుంది. అపలాచియన్ కొండల్లో మెండు. ఆకుల గుబురు మనిషి నడుము ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. నడివేసవిలో అందులోంచి లేచే పూకాడలు మాత్రం ఆరేడు అడుగులు పెరిగి మనిషి తలను దాటిపోతాయి.

దూరం నుంచి ఈ కంకి తెల్లని వింజామరలా ఉంటుంది. దగ్గరకు వెళ్లి చూస్తే ఆ తెలుపంతా కేసరాలదేనని తెలుస్తుంది. మొగ్గను కప్పి ఉంచిన రక్షక పత్రాలు పువ్వు విచ్చుకోగానే రాలిపోతాయి. ఆకర్షక పత్రాలు ఉన్నాయో లేవో అన్నంత చిన్నవి. కంకి కింది నుంచి పైకి పూస్తుంది. చూపుకు ఎంత అందమో, వాసన అంత వెగటు. కాయలు ఎండాక గాలికి గింజలు లోపల గలగలమంటాయి.

కోహోష్ అన్నది అల్గాంక్వియన్ భాషల మాట, గరుకైనదని అర్థం. ముదురు రంగు దుంపను బట్టి ముందు ‘బ్లాక్’ చేరింది. శాస్త్రనామం అంత తేలిగ్గా కుదరలేదు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని ఆక్టియా ప్రజాతిలో చేర్చాడు. ఆక్టియాలకు కండగల పండ్లుంటే దీనికి ఎండు కాయలున్నాయన్న తేడాతో, 1818లో మరో వృక్షశాస్త్రవేత్త థామస్ నటాల్ సిమిసిఫ్యూగా ప్రజాతిలోకి మార్చాడు. నల్లులను తరిమేదని ఆ మాటకు అర్థం. 1998లో జన్యు పరిశోధనల ఆధారంగా మళ్లీ ఆక్టియాలోకే చేర్చారు. హోమియో మందుల సీసాల మీద పాత పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. తెలుగునాట ఈ మొక్కను ఎరిగినవారికి తెలిసింది ఎక్కువగా ఆ పేరుతోనే.

ఉత్తర అమెరికా ఆదివాసులు దీని దుంపను స్త్రీల రుగ్మతలకు, కీళ్ల నొప్పులకు వాడేవారు. వలస వచ్చిన వైద్యులు వారి నుంచి ఈ వాడకం నేర్చుకున్నారు. 1820లో వెలువడిన అమెరికా తొలి ఔషధ సంహితలో దీనికి చోటు దక్కింది. 1875లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ పట్టణంలో లిడియా పింకమ్ అమ్మకానికి పెట్టిన స్త్రీల టానిక్‌లోనూ ఈ దుంప ఉండేది. 1950ల నుంచి జర్మనీలో ముట్లుడిగే వయసు ఇబ్బందులకు దీని సారంతో మందులు వచ్చాయి. అవి పనిచేస్తాయనడానికి తగిన ఆధారం లేదని వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్ష తేల్చింది. కాలేయానికి హాని జరిగిన ఉదంతాలూ నమోదయ్యాయి.

ఈ మందుల గిరాకీ భారం ఎక్కువగా అడవి మీదే పడింది. మందుకు పనికొచ్చేది దుంపే కాబట్టి, తవ్వితే మొక్కే పోతుంది. అపలాచియన్ అజూర్ అనే నీలి సీతాకోకచిలుక గొంగళి పురుగులు ఈ మొక్క మొగ్గలు, పూల మీదే బతుకుతాయి. మొక్క పోయిన చోట ఆ సీతాకోకచిలుకకూ దిక్కులేదు. అందుకే తోటల్లో, అడవి నీడన పెంచడం మీద శ్రద్ధ పెరిగింది.

విత్తనంతో పెంచడానికి ఓపిక కావాలి. తడి నేలలో ముందు కొన్ని వారాల వెచ్చదనం, తర్వాత సుమారు మూడు నెలల చలి తగిలితేగాని మొలక పైకి రాదు. వెచ్చదనానికి వేరు, చలి గడిచాక ఆకు వస్తాయి. అందుకే పెంపకందారులు ఎక్కువగా దుంపను ముక్కలు చేసి నాటుతారు. ప్రతి ముక్కకూ ఒక మొగ్గ, కొన్ని పీచు వేర్లు ఉండాలి. ఆకులు కుళ్లి నల్లబడిన, కొద్దిగా ఆమ్లత్వం ఉన్న నేల దీనికి ఇష్టం. తేమ ఉండాలి, నీరు నిలవకూడదు; నిలిస్తే దుంప కుళ్లుతుంది. మొగ్గ పైకి చూసేలా రెండు అంగుళాల లోతున, అడుగున్నర నుంచి రెండడుగుల ఎడంతో నాటి, పైన ఆకుల చెత్త పరుస్తారు. ఎండ ఎక్కువైతే ఆకుల అంచులు మాడతాయి.

ముక్కలతో నాటిన మడి తవ్వకానికి రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. గింజ రాలాక, శరదృతువులో తవ్వుతారు. మొగ్గలున్న ముక్కలను పక్కకు తీసి, ఎండనివ్వకుండా తిరిగి ఆ మడిలోనే నాటుతారు.