మానసిక వ్యాధులు, జన్యువులు, నేర్చుకొనే శక్తి: బెంగుళూరు పరిశోధనలు చెబుతున్నదేమి?

మానసిక వ్యాధి అనగానే మన సరిహద్దు గ్రామాలలో నేటికీ రెండు మాటలు వినవస్తాయి. ఒకటి 'గాలి సోకింది', రెండవది 'వాళ్ల వంశంలోనే ఉంది'. మొదటిది అపోహ. రెండవదానిలో కొంత సత్యమున్నది గాని, దానిని తప్పుగా గ్రహించడం వలన పెండ్లి సంబంధాలు తప్పిపోతున్నవి, తల్లులు నిందల పాలవుతున్నారు. కుప్పం, మదనపల్లె, హిందూపురం, మడకశిర వైపుల నుండియు, ఆవలి ముళబాగిలు, బాగేపల్లి, పావగడల నుండియు మనవారు వైద్యానికై వెళ్లే బెంగుళూరులోనే ఈ విషయంపై విలువైన పరిశోధనలు జరిగినవి.

నేర్చుకొనడం, మార్చుకొనడం

బుద్ధికి రెండు పనులున్నవి. క్రొత్తదానిని నేర్చుకొనడం ఒకటి. పరిస్థితి మారినప్పుడు పాత అలవాటును విడుచుట మరొకటి. దొడ్డిలో తూర్పున ఉన్న నీటితొట్టిని పడమటికి జరిపితే, ఎద్దు రెండు మూడు దినాలు పాతచోటికే పోయి, పిదప క్రొత్తచోటు నేర్చుకొంటుంది. ఈ రెండవ శక్తినే శాస్త్రజ్ఞులు ప్రవర్తనలోని సరళత అంటారు.

దీనిని కొలవడానికి వైద్యులు కార్డుల పరీక్ష పెడతారు. రోగి కార్డులను మొదట రంగును బట్టి వేరుచేస్తాడు. కొంతసేపటికి, చెప్పకుండానే, ఆకారాన్ని బట్టి వేరుచేయాలని నియమాన్ని మారుస్తారు. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో అనేకులు పాత నియమాన్నే పట్టుకొని ఉంటారు. ఆటిజం ఉన్న బిడ్డ, రోజూ పోయే దారి మారితే కలత చెందుతాడు. ఇది మొండితనం కాదు. మెదడు పనిచేసే తీరులోని భేదం.

జన్యువు చేసే పని

మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే సంధుల ద్వారా సంకేతాలు పంపుకొంటాయి. నేర్చుకొనడమంటే కొన్ని సంధులు బలపడటం, కొన్ని సడలటం. ఈ సంధులకు కావలసిన ప్రోటీనులను తయారుచేయించే ఆదేశాలే జన్యువులు. ఆదేశం చెడితే సంధి తీరు మారుతుంది.

సిన్‌గ్యాప్-1 అనే జన్యువు ఇందుకు మంచి ఉదాహరణ. దీని రెండు ప్రతులలో ఒకటి చెడితే బిడ్డలో బుద్ధిమాంద్యం, మూర్ఛ, ఆటిజం లక్షణాలు కలుగవచ్చును. ఈ లోపం చాలవరకు తల్లిదండ్రులలో లేకుండానే బిడ్డలో క్రొత్తగా ఏర్పడుతుంది. ఫ్రాజైల్-ఎక్స్ అనే మరొక లోపం తల్లి ద్వారా మగబిడ్డకు వస్తుంది. అయితే ఆ తల్లికి అది తన తండ్రి నుండి కూడ వచ్చి ఉండవచ్చును. కనుక ఇందులో ఎవరి దోషమూ లేదు.

బెంగుళూరు పరిశోధనలు

జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో జేమ్స్ క్లెమెంట్ బృందం సిన్‌గ్యాప్-1 పై పనిచేస్తున్నది. అంతకుముందు 2012లో ఆయన అమెరికాలో పాల్గొన్న పరిశోధనలో, ఈ లోపమున్న చిట్టెలుకల మెదడు సంధులు పసితనంలోనే గడువుకు ముందు ముదిరిపోతాయని తేలింది. పెద్దయిన తరువాత జన్యువును సరిచేసినా నేర్చుకొనే శక్తి అంతగా మెరుగుపడలేదు. అయితే 2022లో వెలువడిన బెంగుళూరు పరిశోధనలో, కౌమార దశలోని చిట్టెలుకలకు ఒక రసాయనాన్ని ఇవ్వగా కొన్ని లోపాలు సవరింపబడినవి.

అప్పట్లో జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో ఉండిన సుమంత్ర ఛటర్జీ, నోబెల్ గ్రహీత సుసుము టోనెగావా బృందంతో కలిసి 2007లో ఫ్రాజైల్-ఎక్స్ చిట్టెలుకలలో ఇటువంటి ఫలితమే చూపారు. కాని చిట్టెలుకలో ఫలించినదెల్ల మనిషిలో ఫలించదు. మావోగ్లురాంట్ అనే మందు చిట్టెలుకలకు మేలుచేసినను, ఫ్రాజైల్-ఎక్స్ రోగులపై జరిపిన పరీక్షలలో విఫలమైనట్లు 2016లో ప్రకటించారు. కావున 'జన్యువును సరిచేసే మందు' అని ఎవరైనా అమ్మజూపితే నమ్మరాదు.

నిమ్హాన్స్, జాతీయ జీవశాస్త్ర కేంద్రం, ఇన్‌స్టెమ్ సంస్థలు 2016లో మరొక కార్యక్రమాన్ని ఆరంభించినవి. ఒకే కుటుంబంలో ఒకరికంటె ఎక్కువమందికి తీవ్ర మానసిక వ్యాధి ఉన్నప్పుడు, వారి సమ్మతితో రక్తం సేకరించి, ఆ రక్తకణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుండి నాడీకణాలను పెంచి పరిశీలించుటే దాని విధానం.

వంశంలో ఉంటే తప్పక వస్తుందా?

రాదు. స్కిజోఫ్రీనియా సమాజంలో సుమారు నూటికి ఒకరికి వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి 10. అనగా తొంభై మందికి రాదు. జన్యువులు పూర్తిగా ఒకటైన కవలలలో కూడ, ఒకరికి ఉంటే రెండవవారికి సుమారు సగం మందికే వస్తుంది. 2022లో ప్రచురితమైన పెద్ద పరిశోధన ఈ వ్యాధితో సంబంధమున్న 287 జన్యుస్థానాలను గుర్తించింది. వాటిలో ఒక్కొక్కదాని ప్రభావం అత్యల్పం. కావున రక్తపరీక్షతో ఫలానావారికి స్కిజోఫ్రీనియా వస్తుందని నిర్ణయించుట సాధ్యం కాదు.

మేనరికాల మాట వేరు. ఇద్దరిలోనూ ఒకే లోపమున్న జన్యువు దాగి ఉండే అవకాశం రక్తసంబంధీకులలో హెచ్చు గనుక, కొన్ని రకాల బుద్ధిమాంద్యం అట్టి దంపతుల బిడ్డలలో ఎక్కువగా కనబడుతుంది.

కుటుంబాలు గమనించవలసినవి

బిడ్డ మాటలు, నడక ఆలస్యమైనను, మూర్ఛలు వచ్చినను, వచ్చిన మాటలే మరచిపోయినను జాగు చేయక వైద్యునికి చూపించాలి. శిక్షణ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మార్పును సహించలేని బిడ్డకు ముందుగా చెప్పి, బొమ్మలతో చూపించి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి; కొట్టుట వలన ప్రయోజనం లేదు. పెద్దలకు మొదలుపెట్టిన మందులను వైద్యుని అడగకుండ మానిపించరాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బుద్ధిమాంద్యం, ఆటిజం, అభ్యసన లోపాలు, మానసిక వ్యాధులను వైకల్యాలుగా గుర్తించింది. ధ్రువపత్రానికి దరఖాస్తు చేయవచ్చును. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేస్తే తెలుగులోనే ఉచిత సలహా లభిస్తుంది. బెంగుళూరు బస్సెక్కే ముందు ఆ ఫోను చేసి, ఎక్కడికి వెళ్లవలసినదీ తెలుసుకొనుట మంచిది.